జొటేరోలో 300 ఎంబీ నిండిపోతే

ఆంధ్రా యూనివర్సిటీ ల్యాబ్‌లో ఒక కంప్యూటర్, ఎంవీపీ కాలనీ గదిలో ల్యాప్‌టాప్. రెండింట్లోనూ జొటేరో (పరిశోధన వ్యాసాలు, రిఫరెన్సులు దాచుకునే సాఫ్ట్‌వేర్) వాడుతుంటే, స్కాన్ పీడీఎఫ్‌లు పడితే అది ఆన్‌లైన్‌లో ఇచ్చే ఉచిత 300 ఎంబీ ఇట్టే అయిపోతుంది.

పీడీఎఫ్‌లను వేరే ఫోల్డర్‌కి తరలించి, జొటేరోలో వాటికి లింక్ మాత్రం ఉంచే జాట్‌మూవ్ ప్లగిన్ (జొటేరోకి జతచేసే చిన్న ప్రోగ్రామ్) ఎక్స్‌పీఐ ఫైల్ దింపుకోండి. ఫైర్‌ఫాక్స్‌లో అయితే రైట్ క్లిక్‌తో సేవ్ చేయాలి, లేదంటే బ్రౌజర్‌కే ఎక్కించబోతుంది. జొటేరో 7లో టూల్స్, ప్లగిన్స్, గేర్ గుర్తులోంచి ఇన్‌స్టాల్ చేయండి. ప్లగిన్ సెట్టింగ్స్‌లో గూగుల్ డ్రైవ్ ఫోల్డర్ చూపించండి. కొత్త పీడీఎఫ్‌లు వాటంతటవే అక్కడికి పోతాయి; పాతవాటిని ఎంచుకుని రైట్ క్లిక్‌తో తరలించాలి.

అసలు కీలకం ఇది: అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో లింక్‌డ్ అటాచ్‌మెంట్ బేస్ డైరెక్టరీగా రెండు కంప్యూటర్లలోనూ ఆ ఫోల్డర్‌నే పెట్టండి. మరిస్తే రెండోదాంట్లో ఫైల్ దొరకదంటుంది.

గ్రూప్ లైబ్రరీల్లో (పలువురు కలిసి వాడే లైబ్రరీల్లో) ఇలా లింక్ చేసిన ఫైళ్లు పనిచేయవు. ఫోన్ యాప్‌లోనూ తెరుచుకోవు.