ప, వ తేడా మా పాపకు ఇలా తెలిసింది

మా పాపకు ఐదేళ్లు. అ నుంచి ఱ దాకా ఆపకుండా అప్పజెప్పేది. కానీ మధ్యలో ఒక అక్షరం మీద వేలు పెట్టి అడిగితే మొదటి నుంచి చదువుకుంటూ వచ్చి చెప్పేది. ప, వ అయితే ఎప్పుడూ తారుమారే. వరస నోటికి వచ్చింది, రూపం కంటికి పట్టలేదు.

అందుకే కొన్నాళ్లు వర్ణమాల వరసను పక్కన పెట్టాను. పోలికలున్న అక్షరాలను జట్లుగా తీసుకున్నాం. ద రాసి, కింద చిన్న గీత పెడితే ధ; ఆ ధ కడుపులో చుక్క పెడితే థ. ప కింద గీత పెడితే ఫ. ఒకటి వస్తే రెండోది దాదాపు వచ్చినట్టే కాబట్టి పిల్లకు హుషారు పుట్టింది.

ప, వ దగ్గర మాత్రం తీరిగ్గా కూర్చున్నాం. పళ్లెంలో బియ్యప్పిండి పలచగా పరిచి, వేలితో రాయించాను. వ తలకట్టు ఒంటికి అతుక్కుని ఉంటుంది. ప తలకట్టు విడిగా, పైన తేలుతుంది. ఆ ఖాళీలో వేలు పెట్టి చూపించమన్నాను. ఖాళీ దొరికితే ప, దొరక్కపోతే వ. తర్వాత "పడవ" రాయించాను. రెండూ ఒకే మాటలో ఉన్నాయి కదా, పోల్చుకోవడానికి అంతకంటే మంచి మాట నాకు తోచలేదు.

పలక, బలపం ఆ తర్వాతే ఇచ్చాను. పిండిలో వేలు తిరిగిన చేతికి బలపం బరువనిపించలేదు. వత్తి పట్టుకోవడం కూడా తగ్గింది. ఇప్పుడు దుకాణాల బోర్డుల మీద ప కనబడితే చాలు, తనే చూపిస్తుంది. ష, స ఇంకా కలుస్తున్నాయి. ఈ వారం వాటినే పట్టుకున్నాం.