ఆర్వీ పార్కులో ప్లగ్ పెట్టే ముందు ఆ పెడెస్టల్‌ని ఒకసారి చెక్ చేయండి

అమెరికాలో మన వాళ్ళు సమ్మర్ రాగానే రెండు ఫ్యామిలీలు కలిసి ఒక ఆర్వీ (పడక, వంటగది, బాత్రూమ్ అన్నీ ఉండే బండి) రెంట్‌కి తీసుకుని గ్రాండ్ కాన్యన్, జయాన్ అని బయల్దేరడం బాగా ఎక్కువైంది, కొంతమంది కొనేస్తున్నారు కూడా. బండి నడపడం, ట్యాంకులు ఖాళీ చేయడం గురించి అందరూ చెప్తారు కానీ కరెంటు గురించి "పోల్ దగ్గర ప్లగ్ పెట్టేయడమే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఏసీ, ఫ్రిజ్, మైక్రోవేవ్, బండి బ్యాటరీని ఛార్జ్ చేసే కన్వర్టర్ కాలిపోయేది ఎక్కువగా ఆ ఒక్క ముక్క దగ్గరే. పార్కు సైట్‌లో ఉండే ఆ కరెంటు డబ్బాని పెడెస్టల్ అంటారు, అది ఎండకి ఎండి వానకి తడుస్తూ రోజూ ఎవరో ఒకరు పెట్టి పీకే ప్లగ్‌లతో అరిగిపోయి ఉంటుంది, కాబట్టి మీ ఇంట్లో గోడ సాకెట్‌ని నమ్మినట్టు దాన్ని నమ్మొద్దు.

ముందు మీ బండి 30 ఆంప్సా 50 ఆంప్సా తెలుసుకోండి. ప్లగ్‌కి మూడు పిన్నులుంటే 30, నాలుగుంటే 50. 50 అంటే 30కి రెట్టింపు కూడా లేదు కదా అనుకుంటారు, కానీ తేడా చాలా పెద్దది. 30 ఆంప్‌లో ఒకటే 120 వోల్టుల లైను, అంటే మొత్తం 3600 వాట్లు. 50 ఆంప్‌లో 120 వోల్టుల లైన్లు రెండు వస్తాయి, ఒక్కోదానికి 50 ఆంప్స్, కలిపితే 12000 వాట్లు.

ఇప్పుడు అసలు కొనాల్సిన వస్తువు. షాపులో సర్జ్ ప్రొటెక్టర్ అని తక్కువ రేటులో ఒకటి, ఈఎంఎస్ (వచ్చే కరెంటుకి కాపలా కాసే డబ్బా) అని దానికి రెండు మూడు రెట్ల రేటులో ఇంకోటి కనిపిస్తాయి. మొదటిది పిడుగు లాంటివాటి వల్ల ఒక్క క్షణం వచ్చే స్పైక్‌ని మాత్రమే మింగుతుంది, అలా మింగి మింగి లోపలి పార్టులు అయిపోతాయి కూడా. వోల్టేజ్ పడిపోయినా, వైరింగ్ తప్పున్నా అది చూస్తూ ఊరుకుంటుంది, మహా అయితే ఒక లైట్ వెలిగిస్తుంది. ఈఎంఎస్ అయితే కరెంటుని బండిలోకి వదిలే ముందే వైరింగ్ అంతా చెక్ చేస్తుంది, తర్వాత కూడా వోల్టేజ్ చూస్తూనే ఉంటుంది, మామూలుగా 104 కంటే కిందకి పోయినా 132 దాటినా దానంతట అదే కట్ చేసేస్తుంది. ప్రోగ్రెసివ్ ఇండస్ట్రీస్, హ్యూస్ వాచ్‌డాగ్ ఈ రెండూ ఎక్కువ మంది వాడేవి, వాచ్‌డాగ్‌లో కట్ చేసేదీ ఉంది చేయనిదీ ఉంది కాబట్టి మోడల్ చూసి కొనండి. నన్నడిగితే సొంత బండి ఉన్నవాళ్ళు ఈఎంఎస్ దగ్గర పిసినారితనం చేయకూడదు, రూఫ్ ఏసీ ఒక్కటి పోయినా దానికంటే ఎక్కువే ఖర్చవుతుంది. రెంట్ బండి అయితే ఈఎంఎస్ ఉంటుందని అనుకోకండి, బుక్ చేసేటప్పుడే అడగండి, లేకపోతే తెలిసినవాళ్ళ దగ్గర అప్పు తీసుకోండి.

తక్కువ వోల్టేజ్ వస్తే ఏమవుతుంది, లైట్లు కాస్త డల్ అవుతాయి అంతే కదా అనుకుంటారు చాలామంది. మన ఊళ్ళో ఎండాకాలం వోల్టేజ్ పడిపోయి పొలంలో మోటార్లు కాలిపోవడం చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఏసీ కంప్రెసర్ కూడా మోటారే, వోల్టేజ్ తగ్గేకొద్దీ ఎక్కువ ఆంప్స్ లాగుతుంది, వైండింగ్ వేడెక్కుతుంది. జూలై సాయంత్రం పార్కు ఫుల్‌గా ఉండి అందరూ ఒకేసారి ఏసీలు వేశారంటే పొద్దున 120 ఉన్న సైట్‌లోనే 105కి పడిపోవచ్చు. అలాంటప్పుడు మీ లోడ్ తగ్గించండి, వేరే సైట్ అడగండి, పాత పార్కులకి తరచూ వెళ్ళేవాళ్ళయితే వోల్టేజ్‌ని 10 శాతం దాకా పెంచే ఆటోఫార్మర్ కూడా ఉంటుంది.

50 ఆంప్ బండివాళ్ళు భయపడాల్సింది ఇంకోటి, న్యూట్రల్ (రెండు లైన్లకీ ఉమ్మడిగా కరెంటు తిరిగి వెళ్ళే వైరు) ఊడిపోవడం. న్యూట్రల్ బాగున్నంతసేపు రెండు లైన్లలో దేనికది 120 ఉంటుంది. అది లూజై తెగిపోతే రెండు లైన్ల మధ్య ఉండే 240 వోల్టులు రెండు వైపుల లోడ్‌ని బట్టి ఇష్టమొచ్చినట్టు పంచుకుంటాయి, ఒక వైపు 60, ఇంకో వైపు 180 అలా. తక్కువ లోడ్ ఉన్న వైపుకే ఎక్కువ వోల్టేజ్ వెళ్తుంది, అంటే టీవీ, ఛార్జర్లు ఉన్న వైపు ముందు పోతుంది. ఇది మీరు పెట్టగానే కాకుండా అర్ధరాత్రి కూడా జరగొచ్చు, అందుకే పెట్టినప్పుడు ఒకసారి మీటర్‌తో చూసుకుంటే చాలదు, ఈఎంఎస్ అక్కడే ఉండాలి అనేది.

సైట్‌కి వెళ్ళాక వరస ఇది. బండిలో ఏసీ, వాటర్ హీటర్ ఆపేసి మెయిన్ బ్రేకర్ కూడా ఆఫ్ చేయండి. పెడెస్టల్ డబ్బా తెరిచి సాకెట్ చూడండి, ప్లాస్టిక్ కరిగి ఉందా, గోధుమ రంగు మచ్చలున్నాయా, ప్లగ్ పెడితే వదులుగా ఊగుతుందా. ఇందులో ఏదున్నా ఆఫీసుకెళ్ళి సైట్ మార్చమనండి, మొహమాటపడకండి, డబ్బులిచ్చేది మీరే కదా. బాగుంటే పెడెస్టల్ బ్రేకర్ ఆఫ్‌లో పెట్టి, బండి కార్డ్ (కరెంటు వైరు) కలపకుండా ఈఎంఎస్ ఒక్కటే గుచ్చి, అప్పుడు బ్రేకర్ ఆన్ చేయండి. అన్నీ ఓకే అని చూపిస్తే మళ్ళీ బ్రేకర్ ఆఫ్ చేసి కార్డ్ తగిలించి ఆన్ చేయండి. ఈఎంఎస్ కొంతసేపు ఆగి గానీ కరెంటు వదలదు, కంప్రెసర్ కోసం రెండు నిమిషాలు పైన ఆగేవి కూడా ఉన్నాయి, పాడైపోయిందని పీకేయకండి. తర్వాత బండి మెయిన్ వేసి ఒక్కోటీ ఆన్ చేసుకుంటూ పోండి. ఒక అరగంట ఏసీ నడిచాక ప్లగ్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉందంటే కాంటాక్ట్ బాలేదు, బ్రేకర్ ఆపేయండి.

గ్రౌండ్ (మన ఎర్తింగ్) లేని పెడెస్టల్ ఇంకో రకం ప్రమాదం. బండిలో ఎక్కడైనా కరెంటు లీకైతే బాడీ మొత్తానికి వచ్చేస్తుంది, మీరు తడి గడ్డి మీద చెప్పుల్లేకుండా నిలబడి తలుపు హ్యాండిల్ పట్టుకుంటే షాక్ కొడుతుంది, ప్రాణం పోవచ్చు కూడా. తలుపు పట్టుకున్నప్పుడు "చిన్నగా జివ్వుమంది" అని పిల్లలెవరైనా అంటే తేలిగ్గా తీసుకోకండి, బండి ముట్టుకోకుండా వెళ్ళి పెడెస్టల్ బ్రేకర్ ఆపేయండి. పెన్నులా ఉండే వోల్టేజ్ టెస్టర్ ఒకటి ఉంచుకుంటే బాడీ దగ్గర పెట్టి చూసుకోవచ్చు.

ఇక మన వైపు లెక్క. 30 ఆంప్ బండిలో ఎక్కువసేపు నడిచే లోడ్ 24 దాటకుండా చూసుకోవాలి. 13500 బీటీయూ ఏసీ ఒక్కటే దాదాపు 13 ఆంప్స్, వాటర్ హీటర్ కరెంటు మీద 12, మైక్రోవేవ్ 13 దాకా, ఇండక్షన్ స్టవ్ ఫుల్‌లో పెడితే 15, ఇన్‌స్టంట్ పాట్ 9. అంటే ఏసీ నడుస్తూ ఒకరు పప్పు పెట్టి ఇంకొకరు హెయిర్ డ్రయ్యర్ వేశారంటే బ్రేకర్ పడిపోవడం ఖాయం. వాటర్ హీటర్‌ని, ఫ్రిజ్‌ని గ్యాస్ మీదకి మార్చుకుంటే సగం గొడవ తీరుతుంది, వంట అయ్యేదాకా ఏసీ ఆపుకోవడం ఇంకా మంచిది. ఇండియా నుంచి తెచ్చుకున్న 230 వోల్టుల మిక్సీని మాత్రం తీసుకెళ్ళకండి, పచ్చడి రోట్లో నూరుకోండి.

ఇంటి దగ్గర డ్రైవ్‌వేలో పెట్టుకునేవాళ్ళకి ఒక మాట. మామూలు 15 ఆంప్ సాకెట్‌కి డాగ్‌బోన్ అడాప్టర్ (బండి ప్లగ్ వేరే రకం సాకెట్‌లో పట్టేలా మార్చే పొట్టి వైరు) తగిలిస్తే బ్యాటరీ ఛార్జింగ్, లైట్ల వరకే, ఏసీ వేయొద్దు. సన్న ఎక్స్‌టెన్షన్ కార్డ్ వాడొద్దు, 30 ఆంప్‌కి వైరు మందం 10 గేజ్ ఉండాలి, చుట్ట చుట్టి వదిలేయకుండా మొత్తం పరవాలి. ఎలక్ట్రీషియన్‌తో 30 ఆంప్ సాకెట్ పెట్టించుకుంటుంటే ఇది ఆర్వీకి, 120 వోల్టులు, సింగిల్ పోల్ బ్రేకర్ అని గట్టిగా చెప్పండి, మూడు పిన్నులు చూసి బట్టల డ్రయ్యర్ సాకెట్ అనుకుని 240 ఇచ్చేసినవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆ దెబ్బకి బండిలో అన్నీ ఒకేసారి పోతాయి. బిల్లు కట్టే ముందు మీటర్ పెట్టి చూపించమనండి.

సైట్ ఖాళీ చేసేటప్పుడు వరస తిరగేయండి: బండిలో లోడ్లు, తర్వాత పెడెస్టల్ బ్రేకర్, ఆ తర్వాతే ప్లగ్. ఏసీ నడుస్తుండగా ప్లగ్ లాగితే నిప్పురవ్వలు వచ్చి పిన్నులు నల్లబడతాయి. ఉరుములు మెరుపులు దగ్గరపడుతున్నాయంటే ఈఎంఎస్ ఉంది కదా అని ధీమాగా కూర్చోకండి, తుఫాను మీదకి రాకముందే కార్డ్ పీకేసి పక్కన పెట్టండి, ఒక రాత్రికి బ్యాటరీ లైట్లు సరిపోతాయి.