హోమోవో చూడాలంటే శనివారం ఒక్కరోజు వెళ్తే చాలదు

ఘానాలో అక్రా సముద్రం ఒడ్డున ఉండే గా జాతివాళ్ల పెద్ద పండగ హోమోవో. వాళ్ల పూర్వీకులు వలస వచ్చిన కాలంలో కరువు పట్టి అల్లాడిపోయారట, తర్వాత మొక్కజొన్న విరగపండేసరికి ఆకలిని వెక్కిరిస్తూ పండగ చేసుకున్నారట, ఇదీ వాళ్లు చెప్పే కథ. కానీ నన్నడిగితే దీని ప్రాణమంతా పోయిన పెద్దలకి తిండి పెట్టడంలోనే ఉంది, అది చూడాలంటే కొంచెం ప్లాన్ చేసుకోవాలి.

ముందు ఏ ఊరి పండగకి వెళ్తున్నారో తేల్చుకోండి. అక్రాలోని పాత పేటలు జేమ్స్‌టౌన్, అషర్‌టౌన్ కలిసిన గా మాషీలో మామూలుగా ఆగస్టులో ఒక శనివారం వస్తుంది, నుంగువాలో అంతకంటే ముందే అయిపోతుంది, టేషీ, లా, ఓసు, తేమా ఎవరి రోజు వాళ్లదే. ఏటా ఒకే తేదీ ఉండదు, లోకల్ వాళ్లని అడిగాకే టికెట్ బుక్ చేయండి.

మే నెలలో వులోమో అనే పూజారులు చిరుధాన్యం విత్తనాలు చల్లడంతో సందడి మొదలవుతుంది, అసలు సందడి అనకూడదేమో, ఎందుకంటే ఆ తర్వాత సుమారు 30 రోజులు డప్పులు, పెద్ద సౌండ్లు బంద్! అక్రా, తేమాల్లో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి, బర్త్‌డే అని బయట స్పీకర్లు పెట్టకండి. ఈ విషయంలో గతంలో చర్చిలతో గట్టి గొడవలే జరిగాయి, అందుకే ఇప్పుడు తేదీలు ముందే ప్రకటిస్తారు.

గా మాషీకైతే గురువారానికే చేరుకోండి, పల్లెల్లో స్థిరపడినవాళ్లంతా పంట మూటలతో ఊళ్లోకి దిగేది ఆరోజే. శుక్రవారం కవలల పండగ, మూలికల నీళ్ల బేసిన్లు తలమీద పెట్టుకుని ఊరేగింపుగా పోతారు, జనం తోసుకుంటారు కాబట్టి చిన్నపిల్లలతో మధ్యలోకి దూరకండి.

శనివారం గా మాంచె, అంటే వాళ్ల రాజు, క్పోక్పోయ్ అనే వంటకాన్ని వీధుల్లో చల్లుకుంటూ వెళ్తాడు, వెనక తుపాకులు పేలుస్తుంటారు, చెవుల్లో దూది పెట్టుకోండి. మనం పితృపక్షంలో పిండం పెట్టినట్టే అనిపిస్తుంది, కాకపోతే ఇక్కడ ఊరు మొత్తం రోడ్డు మీద ఉంటుంది. రోడ్లు మూసేస్తారు, ట్రోట్రో, అంటే అక్కడి షేర్ వ్యాన్, దిగి కొంత నడవక తప్పదు. రాజు వెళ్లే దారిలో ఏదో ఒక చోట నిలబడితే చాలు, వెనకాల పరిగెత్తక్కర్లేదు.

ఎవరైనా ఇంటికి పిలిస్తే మాత్రం తప్పకుండా వెళ్లండి. క్పోక్పోయ్ అంటే మొక్కజొన్న పిండిని ఆవిరి మీద ఉడికించి, జల్లించి, పామాయిలూ బెండకాయా కలిపినది, దానికి పామ్‌నట్ సూప్. ఇంట్లో అందరూ ఒకే గిన్నెలోంచి తింటారు, అందులో పెద్దా చిన్నా తేడా ఉండదు, కుడిచేత్తోనే తినాలి, ఏదైనా ఇవ్వడం పుచ్చుకోవడం కూడా కుడిచేత్తోనే. శాకాహారులు ముందే చెప్పేయండి, సూప్‌లో పొగబెట్టిన చేపలుంటాయి, ఏరి పక్కన పెట్టడం కుదరదు. పెద్దలకి నేలమీద మందు ధారపోసి పేర్లు పిలుస్తున్నప్పుడు ఫోన్ జేబులో ఉంచండి, ఫోటో కావాలంటే అడిగి తీసుకోండి.

చాలామంది టూరిస్టులు ఇక్కడితో వెళ్లిపోతారు, అదే నాకు అర్థం కాదు. ఆదివారం తెల్లవారుజామున ఆ ఏడాది పోయినవాళ్లని తలుచుకుని ఇళ్లల్లో ఏడుస్తారు, అప్పుడు బయటివాళ్లం దూరంగా ఉండటమే మర్యాద. పొద్దెక్కాక వెళ్లండి, ఇల్లిల్లూ తిరిగి కొత్త ఏడు శుభాకాంక్షలు చెప్పుకుంటారు, పాత తగాదాలు కూడా ఆరోజే తేల్చుకుంటారు. పెద్దవాళ్లని పలకరించడానికి "నోవాలా" అంటే చాలు, చేతిలో ఏదైనా కూల్‌డ్రింకో మందు సీసానో ఉంటే ఇంకా మంచిది.