సెబువానో మాటకు స్పానిష్ మూలం వెతకడం ఎలా?

ఫిలిప్పీన్స్‌లోని సెబు, బొహోల్ దీవుల్లోనూ మిండనావ్‌లో చాలాచోట్లా మాట్లాడే భాష సెబువానో. 1565లో స్పెయిన్ దండనాయకుడు లెగాస్పి సెబులో దిగింది మొదలు 1898 దాకా స్పెయిన్ పాలనే కాబట్టి అందులో స్పానిష్ మాటలు కొల్లలు. ఒకదాని పుట్టుక ఆరా తీయడమెలాగో ‘సుగల్’ (జూదం) పట్టుకుని చూద్దాం.

ముందు ప్రత్యయాలు తీసేయండి. ‘నగ్‌సుగల్’ అంటే జూదమాడుతున్నాడు, ‘సుగలన్’ అంటే జూదశాల. నగ్, అన్ అచ్చమైన సెబువానోవి. మిగిలినదే వెతకాల్సిన మాట. జాన్ వుల్ఫ్ 1972లో తెచ్చిన సెబువానో నిఘంటువు ఇందుకు పనికొస్తుంది. కిటుకేమిటంటే, ఆయన అ, ఇ, ఉ అనే మూడు అచ్చులతోనే రాశారు. ‘సపాతోస్’ (బూట్లు) కావాలంటే ‘సపాతుస్’ దగ్గర చూడాలి.

తర్వాత ధ్వనులు. అసలు పని ఇక్కడే. ‘ఫ’ లేదు కనుక ‘ఫియెస్తా’ ‘పిస్తా’ అయింది. అది తేలికే. ‘సుగల్’కు మూలమైన స్పానిష్ క్రియను ఇప్పుడు ‘హుగార్’ అంటారు. మరి ‘స’ ఎలా వచ్చింది? 16వ శతాబ్దపు స్పానిష్‌లో ఆ మొదటి అక్షరం ‘ష’లా పలికేది. సెబువానోలో ‘ష’ లేదు, ‘స’తో సరిపెట్టుకున్నారు, చివరి ‘ర’ ‘ల’ అయింది. 17వ శతాబ్దంలో స్పానిష్ ఉచ్చారణ ‘హ’ వైపు జరిగింది. ‘కహోన్’ (పెట్టె) లాంటివాటిలో ‘హ’ ఉందంటే ఆ మార్పు తర్వాత వచ్చి ఉండాలి. ఉచ్చారణే తేదీ చెబుతోందన్నమాట!

అర్థమూ పోల్చండి. హుగార్ అంటే ఏ ఆటైనా ఆడటం. సెబువానోలో పిల్లల ఆటకు ‘దులా’ అనే సొంత మాట ఉండటంతో సుగల్ జూదానికే పరిమితమైంది.

స్పానిష్ దగ్గరే ఆగకండి. స్పానిష్ రాయల్ అకాడమీ నిఘంటువు తెరిస్తే హుగార్ లాటిన్‌లో ‘వేళాకోళమాడు’ అనే క్రియకు చేరుతుంది. ‘అసుకల్’ (పంచదార) అయితే అరబిక్, పారసీకం దాటి సంస్కృత ‘శర్కర’ దాకా పోతుంది. మన చక్కెర పుట్టిల్లూ అదే.

‘సబోన్’ (సబ్బు) దగ్గర మాత్రం జాగ్రత్త. స్పానిష్‌లో ‘హబోన్’ (పాత ఉచ్చారణలో ‘షబోన్’) ఉంది, మలయ్‌లో అరబిక్ నుంచి వచ్చిన ‘సబున్’ కూడా ఉంది. ధ్వని ఒక్కటే చూసి తేల్చేయకండి.