మన ఎండకు మన ఇల్లు – 4వ పాఠం: పడమటి గోడ సంగతి

ఈసారి పైకప్పు గురించి రాయాల్సింది, కానీ అది ఆగాలి. పోయిన పాఠంలో కిటికీకి రెండడుగుల ఛజ్జా (కిటికీ పైన గోడ నుంచి బయటికి వచ్చే నీడ పలక) చాలన్నాను, అది దక్షిణం కిటికీకి అని గట్టిగా చెప్పలేదు. మిర్యాలగూడ నుంచి, జడ్చర్ల నుంచి వచ్చిన ఫోటోలు చూస్తే నాలుగు దిక్కులా అదే కొలత. "సార్, సాయంత్రం అయిదింటికి మంచం మీదే ఎండ" అని అందరిదీ ఒకటే మాట.

దక్షిణాన మధ్యాహ్నం సూర్యుడు ఎత్తులో ఉంటాడు, ఏప్రిల్‌లో రెండడుగుల ఛజ్జా నీడ కిటికీ మొత్తం దాటి కిందికి వస్తుంది. పడమర అలా కాదు. మే నెల నడుమ నల్లగొండలో సాయంత్రం అయిదింటికి సూర్యుడు 21 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, అప్పుడు అదే ఛజ్జా నీడ పది అంగుళాలు కూడా దిగదు. నాలుగడుగులు వేయించినా ఇరవై అంగుళాల లోపే. మేస్త్రీ "ఇంకో అడుగు పెంచుదాం సార్" అంటే దయచేసి ఒప్పుకోకండి, సిమెంటు, ఇనుము ఖర్చు తప్ప ఒరిగేదేమీ లేదు. ఎదురుగా వచ్చే ఎండను పైనుంచి ఆపలేం, ఎదురుగానే ఆపాలి: వరండా, తడకలు, చిల్లులున్న జాలీ గోడ, పది పన్నెండు అడుగుల దూరంలో వేప లేదా కానుగ. నేనైతే పడమర వైపు అసలు పడకగది పెట్టను. మెట్లు, స్టోర్ రూమ్, బాత్రూమ్ అటు నెట్టేస్తాను, ఆ ఎండ వేడిని వాటి గోడలే భరిస్తాయి.

పుదుచ్చేరిలో గోల్కొండ్ అనే వసతిగృహం ఉంది. 1930లలో మొదలుపెట్టారు, ఆంటోనిన్ రేమండ్ అనే ఆర్కిటెక్టు డిజైన్. మన నిజాం సర్కారు డబ్బుతో కట్టారు కాబట్టే ఆ పేరు. పొడవు గోడలు ఉత్తర దక్షిణాలకు, ఇరుకు వైపులు తూర్పు పడమరలకు. పొడవు గోడలకు కిటికీల బదులు తిప్పుకునే అడ్డపలకలు, గాలి వస్తుంది, ఎండ రాదు. మీ ప్లాట్ రోడ్డు ఎటున్నా ఇంటి పొడవును ఇలా తిప్పగలరేమో ముందు చూడండి.

ఉత్తరాన్ని కూడా నమ్మకండి. మే రెండో వారం నుంచి జులై చివరిదాకా మన దగ్గర మధ్యాహ్నం సూర్యుడు కొంచెం ఉత్తరానికే ఉంటాడు.

అభ్యాసం: పడమటి గోడకు రెండడుగుల కర్రను నిటారుగా కాకుండా, ఛజ్జాలాగా గోడ నుంచి తిన్నగా బయటికి వచ్చేలా కట్టండి. మూడింటి నుంచి ఆరింటిదాకా అరగంటకోసారి నీడ కొనను సుద్దతో గుర్తుపెట్టి, కర్ర నుంచి ఎంత కిందికి దిగిందో రాయండి. ఉత్తరం గోడకు పొద్దున ఏడు నుంచి తొమ్మిదిదాకా ఇదే పని. ఒక్కరోజు కాదు, వారానికోసారి, నాలుగు వారాలు. ఆ కాగితం చేతిలో లేకుండా పైకప్పు పాఠంలోకి రావద్దు.