జింక తల తోలు వెంట్రుకలు ఊడకుండా ఊనడం ఎలా?

ఇది టెక్సాస్‌లో లైసెన్సుతో వేటాడిన తెల్లతోక జింక సంగతి. దాని తల నుంచి భుజాల దాకా ఉన్న తోలును ఊని, అంటే కుళ్లకుండా పదును చేసి, తల ఆకారపు అచ్చుకు తొడిగి అలంకారంగా నిలుపుతారు. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటమే కాదు, అనుమతి లేకుండా దాని తోలు దాచుకోవడమూ నేరమే.

చిన్న పదునైన కత్తి, గీకడానికి మొద్దుకత్తి, దుంగ, అయోడిన్ లేని సన్న ఉప్పు, సిట్రిక్ ఆమ్లం, వంటసోడా, పటిక, నూనె, ప్లాస్టిక్ తొట్టి చాలు.

ముందుకాళ్ల వెనక చుట్టూ గాటు పెట్టి తోలు ఒలవండి. మెడ దగ్గరే కోసి తెచ్చేవారిని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. తక్కువైన తోలును ఎవరూ పెంచలేరు. దుంగమీద పరిచి మాంసం, కొవ్వు గీకెయ్యండి.

అసలు పని ఉప్పు పట్టించడం. ప్రాణం పోయిన కాసేపటికే బ్యాక్టీరియా వెంట్రుకల కుదుళ్లను వదులు చేయడం మొదలుపెడుతుంది. టెక్సాస్‌లో నవంబరులోనూ ఎండ ఉంటుంది. ఒక మిత్రుడు పచ్చితోలును ప్లాస్టిక్ సంచిలో చుట్టి, రోజంతా కారు డిక్కీలో ఉంచాడు. చెవి పట్టుకుంటే వెంట్రుకలు గుప్పెళ్లకొద్దీ ఊడివచ్చాయి. అక్కడిదాకా వచ్చాక ఏ మందూ పనిచేయదు.

ఉప్పు చేరని చోటే కుళ్లు పుడుతుంది. అందుకే చెవి తోలును లోపలి మృదులాస్థి నుంచి విడదీసి, చొక్కా చేతిని తిరగేసినట్టు కొస వరకు తిరగేయాలి. పెదవులను లోపలివైపు చీల్చి పరచాలి. కనురెప్పలు, ముక్కు రంధ్రాల దగ్గర కండను పలచగా చెక్కాలి. దీనికి నేను మూడు గంటలు పెట్టుకుంటాను. అరగంటలో అయిపోతుందనే మాట నమ్మకండి.

తోలు ఎంత బరువుంటే అంత ఉప్పు. చేత్తోనే రుద్దండి, ప్రతి ముడతలోకీ వెళ్లాలి. నీడలో ఏటవాలు పలకపై ఉంచితే నీరు కారిపోతుంది. 24 గంటల తర్వాత తడిసిన ఉప్పు దులిపి కొత్తది పట్టించండి. కల్లుప్పు వద్దు, రాళ్లు పెద్దవి కనుక తోలంతా అంటదు. ఎండలో పెట్టడం మరీ తప్పు.

మిగిలినది తేలిక. నాలుగు లీటర్ల నీటికి 450 గ్రాముల ఉప్పు, 85 గ్రాముల సిట్రిక్ ఆమ్లం చొప్పున కలిపి మూడు రోజులు ఊరబెట్టండి. మందంగా ఉన్నచోట్ల మళ్లీ చెక్కి, వంటసోడా నీటిలో 20 నిమిషాలు ముంచి, కడిగి, పటిక నీటిలో ఊనండి. మన ఊళ్లలో తంగేడు చెక్కతో ఊనేవారు కదా అంటారు కొందరు. సున్నంతో వెంట్రుకలు తీసేసిన తోలుకు, చెప్పులకు అది గొప్పది. వెంట్రుకలు నిలవాల్సిన తోలుకు మాత్రం రంగు అంటిస్తుంది. పటికే సరైనది.

నీరు వడిచాక లోపలివైపు గోరువెచ్చని నూనె రాసి, మడిచి రాత్రంతా ఉంచండి. ఉదయం చెవి వెంట్రుకలు లాగి చూడండి. ఊడకపోతే, తడి ఆరకముందే అచ్చుకు తొడగండి.