వానలకు ముందు: ఇంట్లో పెద్దాయన కాగితాలు ఉన్నవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. పాడైన ఫ్రిజ్‌లు, పరుపులు వీధిలో పడేసిన ఫొటోలు అందరం చూశాం. కాగితాలకు ఎవరూ ఫొటోలు తీయరు. ఈ ఏడాది వానలు ఇంకా ముదరనే లేదు, అప్పుడే ఒక కబురు వచ్చింది. ఒకప్పుడు శాసనసభలో, తర్వాత విదేశాల్లో రాయబారిగా పనిచేసిన ఒక పెద్దాయన ఇంట్లో నాలుగు ట్రంకు పెట్టెలు తడిశాయి. వరద ఏమీ రాలేదు. అటక మీదుగా పోయే ట్యాంకు పైపు కారింది, అంతే.

నిజానికి నీళ్లు చేసిన నష్టం తక్కువే. పై రెండు వరసలు తడిశాయి, ఆరబెడితే సరిపోయేది. ఇంట్లోవాళ్లు కంగారుపడి ప్రధానమంత్రుల సంతకాలున్న ఉత్తరాలన్నీ ఏరి ఒక ప్లాస్టిక్ ఫోల్డర్లో పెట్టుకున్నారు. మిగతా అంతా పాత పేపర్లవాడికి కాటా వేసేశారు. "ఇంపార్టెంట్‌వి దాచాం కదండీ" అన్నారు. ఈ మాట నేను చాలా ఇళ్లలో విన్నాను. విన్న ప్రతిసారీ ఒక జీవితం ఆధారాలు పోయాయనే అర్థం.

చెదలు పట్టనివ్వకండి, నీళ్లు తగలనివ్వకండి లాంటివి మీకు చెప్పక్కర్లేదు. మిగతావి చెప్తాను.

ఏరకండి

పేరున్న ఉత్తరాలను విడిగా తీయకండి. ఈ మొత్తంలో ఒక్కటే గుర్తు పెట్టుకుంటానంటే ఇదే పెట్టుకోండి.

కారణం చెప్తాను. నెహ్రూ గారి దగ్గర్నుంచి ఒక ఉత్తరం ఉందనుకోండి. "మీ 14వ తేదీ ఉత్తరం అందింది, మీరు చెప్పిన రెండో విషయంలో తప్ప మిగతా వాటిలో నాకు అభ్యంతరం లేదు" అని నాలుగు లైన్లు ఉంటాయి. ఫ్రేము కట్టించుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ ఆ రెండో విషయం ఏమిటి? అది తెలిసేది పెద్దాయన పంపిన ఉత్తరం తాలూకు కార్బన్ కాపీలోనే. పల్చటి ఉల్లిపొర కాగితం, మసకబారిన అక్షరాలు, సంతకం కూడా ఉండదు. పాత పేపర్లవాడి కాటాలోకి మొదట వెళ్లేది అదే. జవాబులు దాచుకుని ప్రశ్నపత్రం పారేసినట్టు అవుతుంది.

రాజకీయమూ దౌత్యమూ రెండూ చేసినవాళ్ల కాగితాల్లో ఇంకో చిక్కు ఉంది. కృష్ణ మీనన్‌నే తీసుకోండి. 1947 నుంచి 1952 దాకా లండన్‌లో హైకమిషనర్, తర్వాత ఐక్యరాజ్య సమితిలో మన ప్రతినిధి, 1957లో బొంబాయి నుంచి లోక్‌సభకు గెలిచి రక్షణ మంత్రి. అదే ఏడాది జనవరిలో కాశ్మీర్ మీద భద్రతా మండలిలో ఎనిమిది గంటలకు దగ్గరగా మాట్లాడింది ఈయనే. విజయలక్ష్మీ పండిట్ మాస్కో, వాషింగ్టన్, లండన్‌లలో పనిచేశారు, 1953లో ఐక్యరాజ్య సమితి జనరల్ అసెంబ్లీకి అధ్యక్షురాలయ్యారు, ఆ తర్వాత వచ్చి ఫూల్‌పూర్ ఎంపీ అయ్యారు. మన తెలుగువాళ్లలో కూర్మా వెంకటరెడ్డి నాయుడు గారు మద్రాసులో మంత్రిగా చేసి, 1929లో దక్షిణాఫ్రికాకు భారత ప్రభుత్వ ఏజెంటుగా వెళ్లి, తిరిగొచ్చి 1937లో కొన్నాళ్లు మద్రాసు ప్రధాని (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) అయ్యారు. ఇలాంటివాళ్ల బల్ల మీద నియోజకవర్గం కార్యకర్త అర్జీ, విదేశీ మంత్రి విందు ఆహ్వానం ఒకే రోజు పడతాయి. ఇంట్లోవాళ్లు వాటిని చూడగానే "రాజకీయం" అని ఒక కుప్ప, "ఫారిన్" అని ఒక కుప్ప వేస్తారు. చూడ్డానికి నీటుగానే ఉంటుంది. కానీ ఆ రోజు ఆయన మనసులో ఏ ఒత్తిడి ఉందో, అక్కడ అలా ఎందుకు మాట్లాడాడో ఇక ఎవరికీ తెలియదు.

ఇంకాస్త దగ్గరగా చూడండి. పాత కాగితాల ఎడమ మూల మీద గుండుసూది తుప్పు మచ్చ ఉంటుంది. సూది ఎప్పుడో రాలిపోయి ఉండొచ్చు. రెండు కాగితాల మీద మచ్చలు ఒకే చోట, ఒకే ఆకారంలో ఉంటే ఆ రెండూ ఒకప్పుడు కలిసి ఉన్నాయన్నమాట. తేదీ లేని చేతిరాత చీటీ ఎప్పటిదో అలాగే తేలుతుంది. కుప్పలు కలిపేశాక ఈ మచ్చతో ఏ ఉపయోగమూ ఉండదు.

1948 నాటి హైదరాబాద్ చరిత్ర రాసేవాళ్లు ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దాకా ఎందుకు వెళ్తారో తెలుసా? నిజాంకు సలహాదారుగా ఉన్న వాల్టర్ మాంక్టన్ కాగితాలు అక్కడి బోడ్లియన్ లైబ్రరీలో ఉన్నాయి. ఆయన తర్వాత బ్రిటన్‌లో మంత్రి కూడా అయ్యాడు. మన గొడవ తాలూకు కాగితాలు అంత దూరంలో భద్రంగా ఉన్నాయి. మన ఊళ్లో ఉన్నవి అటక మీద నానుతున్నాయి. సరే, అది వేరే బాధ.

పెట్టెలు తెరిచే ముందు

మృగశిర కార్తె రాకముందే, ఎండగా ఉన్న రోజు చూసుకుని పెట్టుకోండి ఈ పని. ముసురు పట్టిన రోజు పెట్టె తెరిస్తే చెమ్మను లోపలికి పిలిచినట్టే.

ముందు పెట్టె ఎక్కడుందో అక్కడే ఫొటో తీయండి. మూత తీసి మళ్లీ ఫొటో. తర్వాత పై నుంచి కిందకి ఒక్కో కట్టా తీస్తూ, తీసిన వరసలోనే నంబరు వేయండి. నంబరు మెత్తటి పెన్సిల్‌తో, కాగితం వెనక, మూలన. బాల్ పెన్ వద్దు, మార్కర్ అసలు వద్దు. "పడకగది బీరువా, కింది అర, ఎడమ పక్క" అని ఒక చీటీ రాసి పెట్టెలో వేయండి. మీకది పిచ్చిపనిలా అనిపించవచ్చు. పెద్దాయన ఏ కాగితాలను చేతికందేంత దగ్గర పెట్టుకున్నాడు, వేటిని అటకెక్కించాడు అన్నది రేపు చదివేవాడికి ఆ చీటీ చెప్తుంది.

అటక మీద, ట్యాంకు కింద, బాత్రూమ్ గోడకు ఆనించి ఉన్నవాటిని అక్కడి నుంచి మార్చండి. నేలకు కనీసం అడుగు ఎత్తున, గోడకు జానెడు దూరంలో ఉంటే చాలు. పాలిథిన్ కవర్లో గట్టిగా మూట కట్టకండి, లోపలి చెమ్మ బయటకు పోక బూజు పడుతుంది. ఉతికిన నూలు గుడ్డలో కట్టండి. నాఫ్తలీన్ ఉండలు కాగితాల మధ్య వేయకండి.

1980ల నాటి ఫ్యాక్స్‌లు ఉంటే ముందు వాటి సంగతి చూడండి. నున్నగా, చుట్టుకుపోయే కాగితం మీద ఉన్నవి వానతో పనిలేకుండా వాటంతటవే తెల్లబడిపోతాయి. ఈ వారమే ఫొటో తీసి, మామూలు కాగితం మీద ప్రింటు తీసి, అసలుతో కలిపి అదే చోట పెట్టండి.

తడిస్తే

మన ఉక్కపోతలో రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది. కాబట్టి కంగారు అవసరమే, కానీ సరైన కంగారు పడాలి.

ఎండలో పరచకండి. సిరా వెలిసిపోతుంది, కాగితం వంకర్లు పోతుంది. గదిలో ఫ్యాను వేసి, గాలి నేరుగా తగలకుండా, అచ్చు లేని తెల్ల కాగితాల మీద ఆరబెట్టండి. న్యూస్‌పేపర్ వేస్తే దాని సిరా అంటుకుంటుంది. ఫౌంటెన్ పెన్ రాతలను ముందు చూడండి, తడికి మొదట కరిగేది ఆ సిరానే. కార్బన్ కాపీల అక్షరాలు నీళ్లకు అంత తొందరగా చెదరవు, కాగితమే చిరుగుతుంది. అందుకని తడిసిన ఉల్లిపొర కాగితాలను ఒక్కొక్కటీ విడదీయబోకండి, కట్టగానే ఎత్తండి. ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుంటే లాగొద్దు, శుభ్రమైన చల్లటి నీళ్లలో ఉంచి తెలిసినవాళ్లను పిలవండి.

రెండు రోజుల్లో ఆరబెట్టలేనంత ఉంటే డీప్ ఫ్రీజరే దిక్కు. కట్టలను బటర్ పేపర్లో చుట్టి, నంబర్లు వేసి, కవర్లో పెట్టి గడ్డకట్టించండి. బూజు ఆగుతుంది. తర్వాత నిదానంగా, కొన్ని కొన్నిగా బయటకు తీసి ఆరబెట్టుకోవచ్చు. వినడానికి వింతగా ఉన్నా ఆర్కైవ్స్ వాళ్లు, అంటే పాత రికార్డులు భద్రపరిచే సంస్థలవాళ్లు, చేసేదీ ఇదే.

ఈ కంగారులో కూడా ఏరకండి. "ముందు నెహ్రూవి ఆరబెడదాం" అని ఎవరో ఒకరు అంటారు. వాళ్లకు టీ పెట్టే పని అప్పగించండి.

రహస్యం అని ముద్ర ఉంటే

రాయబారి కాగితాల్లో ప్రభుత్వానివి కూడా వచ్చి ఉంటాయి. సీక్రెట్ ముద్ర ఉన్నవి, ఎంబసీ టెలిగ్రాముల కాపీలు. వాటిని చూడగానే ఇంట్లోవాళ్లు రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేస్తారు. ఒకరు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెడతారు, ఒకరు భయపడి పెరట్లో తగలబెడతారు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. 1993 పబ్లిక్ రికార్డుల చట్టం ప్రకారం ప్రభుత్వ రికార్డును పద్ధతి ప్రకారం కాకుండా నాశనం చేయడమూ, అనుమతి లేకుండా దేశం దాటించడమూ నేరాలే, ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. పంచుకోకండి, కాల్చకండి. ఉన్నచోటే ఉంచి, ఆర్కైవ్స్‌కు ఇచ్చేటప్పుడు "ఇలాంటివి ఉన్నాయి" అని రాతపూర్వకంగా చెప్పండి. వేరు చేయడం వాళ్ల పని.

అమెరికాలో ఉన్న పిల్లలకు ప్రత్యేకంగా చెప్తున్నాను. 75 ఏళ్లు దాటిన, చారిత్రక విలువ ఉన్న రాతప్రతులు, పత్రాలు 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువులే. తాతగారి 1949 నాటి ఉత్తరాన్ని సూట్‌కేసులో డాలస్ తీసుకెళ్లడం సెంటిమెంటు అనుకుంటున్నారు, చట్టం అలా అనుకోదు. స్కాన్లు తీసుకెళ్లండి.

ఇచ్చేటప్పుడు

ఢిల్లీలో తీన్‌మూర్తి భవన్ లైబ్రరీ, జన్‌పథ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్ ఇలాంటి సొంత కాగితాలను తీసుకుంటాయి. పైన చెప్పిన కృష్ణ మీనన్, విజయలక్ష్మీ పండిట్ కాగితాలు తీన్‌మూర్తిలోనే ఉన్నాయి. దగ్గర్లో సలహా కావాలంటే హైదరాబాద్ తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది.

నోటిమాట మీద ఇవ్వకండి. ఇస్తున్నది దానంగానా, భద్రపరచమనా? ఎవరు చూడొచ్చు, ఎన్నేళ్లు మూసి ఉంచాలి, కుటుంబంలో ఎవరి అనుమతి చాలు? ఇవన్నీ కాగితం మీద ఉండాలి. నెహ్రూ కాగితాల గొడవ పేపర్లలో చూస్తున్నారుగా. 2008లో తీన్‌మూర్తి నుంచి 51 పెట్టెలు కుటుంబం వైపు వెళ్లాయి, వాటిని వెనక్కి ఇమ్మని ఇప్పుడు ఆ సంస్థ అడుగుతోంది. అందులో ఎవరిది న్యాయమన్నది ఇక్కడ మన పని కాదు. చదివేవాడికి మాత్రం ఒకే మనిషి కాగితాలు రెండు చోట్ల అయ్యాయి. అంత పెద్ద ఇంటి కాగితాలకే అలా అయింది.

ఇంకొకటి. ఉత్తరం కాగితం మీ సొత్తే, కానీ అందులోని మాటల మీద హక్కు రాసినవాళ్లది, వాళ్ల తర్వాత వాళ్ల వారసులది. అచ్చు వేయించే ముందు అడగండి.

ఇక మిగిలినవి ఎలా గుర్తొస్తే అలా:

లామినేషన్ చేయించకండి. జిరాక్స్ షాపువాడు ఎంత నచ్చజెప్పినా సరే.

సెలోటేప్ వేయకండి. పాతికేళ్లకు అది రాలిపోతుంది, పసుపు మచ్చ ఉండిపోతుంది.

తుప్పు పట్టిన సూదిని గుంజకండి.

కవర్లు పారేయకండి. తేదీ లేని ఉత్తరానికి పోస్టు ముద్రే తేదీ.

డైరీలు, విజిటింగ్ కార్డులు, విందు ఆహ్వానాలు, టూర్ ప్రోగ్రాములు చెత్త కాదు. ఆ రోజు ఆ ఊళ్లో ఆయన ఎవరిని కలిశాడో చెప్పేవి అవే.

అన్నదమ్ముల పంపకాల్లో కాగితాలు పెట్టకండి. పెద్దవాడికి మాస్కో, చిన్నవాడికి ఢిల్లీ అని పంచిన ఇల్లు చూశాను. ఇప్పుడు ఆ రెండిళ్లకు మాటల్లేవు, రెండు కట్టలకూ అర్థం లేదు.

పీహెచ్‌డీ చేస్తున్నానని వచ్చిన కుర్రాడికి కట్ట ఇంటికి ఇచ్చి పంపకండి. మీ డైనింగ్ టేబుల్ మీదే చూడమనండి.

వర్ధంతికి ఎగ్జిబిషన్ పెడితే అసలువి పెట్టకండి, కాపీలు పెట్టండి.

స్కాన్ చేశాం కదా అని అసలువి పారేయకండి.

పెద్దాయన పరువు తీసే ఉత్తరం కనిపిస్తే చింపకండి. ఇన్నేళ్లు మూసి ఉంచమని షరతు రాయండి.

పనిమనిషికి, పెయింటర్లకు ముందే చెప్పండి ఆ పెట్టెల జోలికి వెళ్లొద్దని. సంక్రాంతి దులుపుడులో పోయినవి వరదల్లో పోయినవాటికంటే తక్కువేం కాదు.

పేరున్న ఉత్తరాలను విడిగా తీయకండి. మంత్రిగారు చూడాలన్నా, టీవీవాళ్లు అడిగినా, మీ మనవడి స్కూలు ప్రాజెక్టుకైనా సరే. ఫొటో తీసి ఇవ్వండి, అసలు కాగితాన్ని తీసిన చోటే పెట్టండి.

ఇప్పటికే ఏరేసి ఉంటే, ఏ పెట్టెలోంచి తీశారో గుర్తున్నంత వరకు ఈరోజే రాసిపెట్టండి. మళ్లీ మీకు మీరే సర్దకండి.

పెద్దాయన దగ్గర పనిచేసిన స్టెనో గానీ పీఏ గానీ బతికుంటే వెంటనే వెళ్లి కలవండి. పొడి అక్షరాల సంతకాలు ఎవరివో, మార్జిన్‌లో ఎర్ర పెన్సిల్ రాత ఎవరిదో ఆయనకే తెలుసు. కాపీలు చూపించి, చెప్పింది ఫోన్‌లో రికార్డు చేయండి.